ఈలై మానింగ్ – కీర్తివిచారము

అమెరికన్ ఫుట్‌బాల్ జట్టగు న్యూయార్క్ జెయింట్స్‌కు 2004 మొదలు 2019 వఱకు 16 సీజన్లు క్వార్టర్‌బ్యాక్‌గా నిలిచిన ఈలై మానింగ్ ఆట చాలించు నాటికి, అతడు మొదటి నుండి మైదానమున దిగిన సాధారణ సీజన్ ఆటలలో జట్టు గెలిచినవి 117, ఓడినవియు 117. ఇట్టి సమత ఒక క్రీడాకారుని జీవితమున సిద్ధించుట మిక్కిలి అరుదు. సిద్ధించినచో వాదప్రియులకు అది తరుగని నిధి. సగము గెలిచి సగము ఓడినవాడు సామాన్యుడు గాక మఱేమగునని ఒక పక్షము వారందురు. ఆ సామాన్యుడే రెండు పర్యాయములు లీగు తుదిపోరగు సూపర్ బౌల్ గెలిచి, రెండింటియందును అత్యుత్తమ క్రీడాకారుడని ఎన్నికైనాడు గదా, దానికి మీ సమాధానమేమని రెండవ పక్షము వారందురు. ఒహైయో రాష్ట్రమున క్యాంటన్ నగరమందలి ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరకవలెనన్నచో ఆటగాడు విరమించి ఐదేండ్లు గడవవలెను, పిమ్మట 50 మంది నిర్ణేతలలో నూటికి 80 వంతుల వారు సమ్మతింపవలెను. 2025లో మానింగ్ పేరు మొదటిసారి వారి యెదుటికి వచ్చినది. ఆ యేట నలుగురికే ద్వారము తెరచుకొన్నది, ఆ నలుగురిలో అతడు లేడు. నాటి నుండి ఈ వివాదము మఱింత వేడెక్కినది.

న్యూజెర్సీలో కాపురమున్న తెలుగువారికి ఈ వాదము వినక తప్పదు. జెయింట్స్ పేరున న్యూయార్క్ ఉన్నను వారి మైదానము హడ్సన్ నదికి ఈవల, ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లో, అనగా మా రాష్ట్రముననే ఉన్నది. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలు తండ్రులకు క్రికెట్ ఎంతటిదో తమకు ఈ ఆట అంతటిదిగా ఎంచి, నీలపు చొక్కాపై 10 అను అంకె ధరించి తిరుగుచుండగా చూచినాను. నేను ఈ ఆటను చూడ నేర్చుకొన్నది ఈ దేశమునకు వచ్చిన తరువాతనే. కొత్తగా చూచువాడు బంతిని వెంబడించును. అట్లు వెంబడించుట మాని క్వార్టర్‌బ్యాక్ పాదములను చూడుమని ఉద్యోగములో నాకంటె పెద్దవాడైన ఒక సహచరుడు చెప్పిన మాట నాకు గొప్ప ఉపదేశమైనది. అప్పటి నుండి నాకు ఆట వేఱుగా కనిపించినది, మానింగ్ కూడ వేఱుగా కనిపించినాడు.

ఎఱుగని పాఠకుల కొఱకు ఆ విద్య యెట్టిదో కొంచెము చెప్పవలసి యున్నది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి చేతనున్న జట్టు 10 గజములు ముందుకు సాగుటకు 4 అవకాశములు పొందును. ప్రతి అవకాశమందును బంతి సాధారణముగా మొదట చేరునది క్వార్టర్‌బ్యాక్ చేతికే. చేరిన పిమ్మట అతనికి దొరకు వ్యవధి ఇంచుమించు రెండున్నర, మూడు సెకన్లు. ఆ స్వల్పకాలములో అతడు మూడో, ఐదో, ఏడో అడుగులు లెక్క తప్పక వెనుకకు వేసి, తన్ను కాచు ఐదుగురు బలశాలుల వెనుక ఏర్పడిన చిన్న చోటున, పాకెట్ అని వారు పిలుచు చోటున, నిలదొక్కుకొని, దూరమున పరుగెత్తుచున్న రిసీవర్లలో ఎవడు విడివడనున్నాడో గ్రహించి, తన చూపును బట్టి ప్రత్యర్థి ఆ సంగతి పసిగట్టకుండునట్లు కన్నులను మఱియొక దిక్కునకు త్రిప్పి, బంతి విసరవలెను. విసరవలసినది రిసీవరు ఉన్న చోటికి కాదు, ఇంకను అతడు చేరని చోటికి. గోదావరి దాటు సరంగు రేవునకు ఎగువగా పడవముక్కును త్రిప్పి బయలుదేరినట్లు, కనుల యెదుట నున్నదానిని విడిచి రాబోవుదానిపై గుఱి నిలుపుట ఈ విద్యకు ప్రాణము. ఇంతలో నూఱు కిలోలకు పైబడిన మనుష్యులు అతనిని నేల కూల్చుటకు వచ్చుచుందురు. వారిని చూచినచో దూరమున నున్న రిసీవరు కనబడడు. చూడకున్నచో దెబ్బ తప్పదు. చూడక నిలుచుట నేర్చినవాడే క్వార్టర్‌బ్యాక్ అగును.

మానింగ్ దోషములను కప్పిపుచ్చుట నా ఉద్దేశము కాదు, అవి కప్పిన దాగునవియు కావు. అతడు విసరిన టచ్‌డౌన్ పాస్‌లు 366 కాగా, ప్రత్యర్థుల చేత చిక్కినవి, అనగా ఇంటర్‌సెప్షన్లు, 244. 2007లో 20, 2010లో 25, 2013లో 27 ఇంటర్‌సెప్షన్లతో మూడు సీజన్లలో లీగు మొత్తమున ఆ అపకీర్తికి అగ్రస్థానమున నిలిచినాడు. ఏ యేటను లీగు శ్రేష్ఠుల జట్టగు ఆల్-ప్రోలో అతనికి చోటు దొరకలేదు. సాధారణ సీజన్ పిదప జరుగు పోస్ట్ సీజన్‌లో అతడు గెలిచిన ఆటలు 8. ఆ యెనిమిదియు సూపర్ బౌల్ గెలిచిన ఆ రెండు పర్యాయములలోనివే. తక్కిన నాలుగుసార్లును మొదటి ఆటలోనే ఓడి ఇంటికి మఱలినాడు. ప్రతిపక్షము వారి వాదమున అన్నింటికంటె బలమైనది ఇదియేనని నేను తలచుచున్నాను. రెండు శీతకాలములను తీసివేసినచో ఇతనికి మిగులునదేమని వారడుగుదురు. న్యాయమైన ప్రశ్న. కాని ఆ రెండు శీతకాలములను తీసివేయు అధికారము మనకెక్కడిది? అవి అతని జీవితమునకు వెలుపలి నుండి వచ్చి తగిలినవి కావు. దోషములు ఏ మూలము నుండి పుట్టినవో ఆ మూలము నుండియే అవియు పుట్టినవి.

2007 నవంబరు 25న సొంత మైదానమున మిన్నెసోటా వైకింగ్స్‌తో జరిగిన ఆటలో మానింగ్ నాలుగు పాస్‌లు ప్రత్యర్థుల చేతబెట్టినాడు. అందు మూడింటిని వారు పట్టుకొని నేరుగా ఎదుటి గీత దాటి టచ్‌డౌన్లు చేసినారు. 41–17తో ఆట పోయినది. మైదానమందలి తన ప్రజలే హేళన చేసిన ఆ దినము తరువాత, ఏ క్వార్టర్‌బ్యాకైనను చేయి ముడుచుకొని, సమీపమునకు, సురక్షితమునకు విసరుట మొదలుపెట్టును. లోకమందు వివేకమని పిలువబడునదియు అదియే. మానింగ్ అట్లు చేయలేదు. డిసెంబరు 29న, గెలిచినను ఓడినను తమ స్థానము మాఱని ఆటలో, అంతవఱకు ఓటమి యెఱుగని న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌పై నాలుగు టచ్‌డౌన్లు విసరి 38–35తో మాత్రమే ఓడినాడు. పిదప టాంపా, డాలస్, గ్రీన్ బే అను మూడు పరాయి మైదానములలో వరుసగా గెలిచినాడు. 2008 జనవరి 20న గ్రీన్ బేలో ఆట ఆరంభమగునప్పటికి సెల్సియస్ కొలతలో సున్నకు దిగువ 18 డిగ్రీల చలి. బంతి చేతికి ఱాయివలె తగులు ఆ రాత్రి, ఆ యుగపు మహావీరులలో ఒకడైన గ్రీన్ బే క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫావ్ర్ అదనపు సమయమున విసరిన పాస్ ప్రత్యర్థుల చేత జిక్కినది. మానింగ్ విసరిన 40 పాస్‌లలో ఒక్కటియు చిక్కలేదు.

ఆ పిమ్మట అరిజోనాలో ఫిబ్రవరి 3న జరిగిన సూపర్ బౌల్ గుఱించి ఎఱుగనివారు అరుదు. 18 ఆటలు వరుసగా గెలిచి వచ్చిన పేట్రియట్స్ 14–10 ఆధిక్యమున ఉండగా, రెండు నిముషముల 39 సెకన్లు మిగిలియుండగా, 83 గజముల దూరము జెయింట్స్ ముందు పఱచుకొని యున్నది. అందఱును చెప్పుకొనునది డేవిడ్ టైరీ బంతిని తన శిరస్త్రాణమునకు అదిమి పట్టిన ఆ అద్భుతమును. నేను చెప్పదలచినది దానికి ముందటి పాస్‌ను గుఱించి. ఆ పాస్‌ను మానింగ్ విసరినప్పుడు పేట్రియట్స్ ఆటగాడు అసాంటి శామ్యూల్ ఎగిరి చేతులు చాపినాడు. బంతి అతని వ్రేళ్లను తాకి బయటికి పోయినది. అంగుళము తక్కువైనచో ఆట అక్కడనే ముగిసి, మానింగ్ అపకీర్తికి అది శాశ్వతమైన ముద్రయై యుండెడిది. ఆ వెనువెంటనే, మూడవ అవకాశమున 5 గజములు కావలసియుండగా, ఇద్దఱు ప్రత్యర్థులు అతని చొక్కా పట్టి లాగుచుండగా, వారి చేతుల నుండి జాఱి, వెనుకకు నాలుగడుగులు వేసి, మైదానము నడుమ ముగ్గురు నలుగురు ప్రత్యర్థులు మూగిన చోటికి అతడు బంతిని ఎత్తుగా విసరినాడు. ఆ సీజన్ సాధారణ ఆటలలో నాలుగే పాస్‌లు పట్టిన టైరీ దానిని పట్టినాడు; 32 గజములు దక్కినవి. 35 సెకన్లు మిగిలియుండగా ప్లాక్సికో బరెస్‌కు 13 గజముల పాస్, 17–14తో విజయము.

క్షణము క్రితము చేజాఱబోయిన బంతియు, క్షణము తరువాతి అద్భుతమును ఒకే మనస్సు నుండి వెలువడినవి. పట్టుకొనునను నమ్మకము లేని చోటికి కూడ విసరగల మనస్సు అది. మొదటిదానికి నిందించి రెండవదానిని అదృష్టమని కొట్టివేయువారు, ఒకే చేతి రెండు కార్యములలో ఒకదానిని అతని ఖాతాలోను, మఱియొకదానిని దైవము ఖాతాలోను వ్రాయుచున్నారు. ఇట్టి లెక్క నాకు సమ్మతము కాదు. సాహసము చేయువానికి 244 తప్పులు ఆ విద్యకు చెల్లించిన సుంకము. ఆ సుంకము చెల్లింప నిరాకరించినవారు ఎందఱో చక్కని సగటులతో విరమించినారు. వారి ఆటలు నేడు ఎవరికిని జ్ఞప్తి లేవు.

ఇది ఒక్కనాటి తెగువ యనుటకు వీలులేకుండ 2011 సీజన్‌లో అతడు 4,933 గజములు విసరి, నాలుగవ క్వార్టరులోనే 15 టచ్‌డౌన్ పాస్‌లు పూర్తిచేసి లీగు చరిత్రలో అంతవఱకు లేని రికార్డు నెలకొల్పినాడు. 9 గెలిచి 7 ఓడిన జట్టు అది. సీజన్ మొత్తమున చేసిన పాయింట్ల కంటె ఇచ్చిన పాయింట్లే ఎక్కువ. 2012 జనవరి 22న శాన్ ఫ్రాన్సిస్కోలో వానలో తడిసిన మైదానమున 49ఎర్స్ అతనిని ఆఱుసార్లు బంతితో సహా నేల కూల్చినారు. అతడు లేచి 58 పాస్‌లు విసరినాడు, ఒక్కటియు చిక్కలేదు. నేను ఆటను పాదములను బట్టి చూడ నేర్చుకొన్నానని చెప్పితిని గదా. ఆ రాత్రి అతని పాదములు ఏడవసారి, ఎనిమిదవసారి కూడ అదే లెక్కకు వెనుకకు పడుట చూచినాను. రెండు వారముల తరువాత ఇండియనాపొలిస్‌లో, తన అన్న పేటన్ ఎన్నో యేండ్లు ఏలిన నగరమున, తిరిగి పేట్రియట్స్‌తోనే, 12వ గజపు గీత నుండి ఎడమ అంచున పరుగెత్తుచున్న మారియో మానింగ్‌హమ్‌కు ఇద్దఱు ప్రత్యర్థుల నడుమ 38 గజముల దూరము విసరిన పాస్‌ను చూచి అదృష్టమన్నవాడు నాకు ఇంతవఱకు తారసపడలేదు. ఇందు శిరస్త్రాణమునకు పని లేదు. బంతి పడదగిన చోటు ఒక్క మనుష్యుడు పట్టునంత మాత్రమే, అక్కడనే పడినది. 21–17.

పేటన్ తమ్ముడగుటయు, తండ్రి ఆర్చీ కూడ క్వార్టర్‌బ్యాక్ అగుటయు అతనికి ఎంత మేలు చేసినవో అంత కీడును చేసినవి. 2004లో శాన్ డియేగో జట్టు తన్ను ఎన్నుకొనవలదని ముందుగా తెలిపియు, ఎన్నుకొన్న పిమ్మట జెయింట్స్‌కు మార్పిడిపై వచ్చుట కొందఱికి గర్వముగా తోచినది. బదులుగా శాన్ డియేగోకు పోయిన ఫిలిప్ రివర్స్ 63 వేల గజములకు పైగా విసరి, తప్పులు తక్కువ చేసి, ఒక్క సూపర్ బౌల్‌కైనను చేరలేకపోయినాడు. ఇద్దఱిలో ఎవరు మేలైనవారని ఇప్పటికిని తగవులాడుచునే యుందురు. నాకు ఆ తగవునందు ఆసక్తి లేదు, ఒకరి గొప్ప మఱియొకరి లోటు కానక్కఱలేదు.

2017ను గుఱించి మాత్రము చెప్పక విడువలేను. అప్పటికి 210 సాధారణ సీజన్ ఆటలు ఒక్కటియు తప్పక ఆరంభించినాడు. క్వార్టర్‌బ్యాకులలో ఫావ్ర్ 297 తరువాత నాటికి అదియే దీర్ఘమైన వరుస. జట్టు దీనస్థితిలో ఉండగా శిక్షకుడు మఱియొకనిని దింప నిశ్చయించి, వరుస తెగకుండ ఆట నీవే ఆరంభింపవచ్చును, తరువాత మార్చుదునని అతనికి చెప్పినాడు. మానింగ్ ఒల్లలేదు. నిజముగ ఆడని ఆటను లెక్కకు కలుపుకొనుట తగదని అతని భావము. తన పేరుకు ఎంతో కీర్తి తెచ్చిన సంఖ్యను, పెంచుకొనుటకు వీలున్నను, అక్కడనే ఆపివేసినవాడు ఇతడు. ఇట్టివానిని సంఖ్యలతోనే తూచెదమనుట ఎంత వింత!

నిర్ణేతలు పూర్వోదాహరణములను చూతురు గనుక నేనును రెండు చెప్పుదును. రెయిడర్స్ జట్టును రెండు సూపర్ బౌళ్లలో గెలుపునకు నడిపిన జిమ్ ప్లంకెట్ గెలుపోటములును సమానమే, 72–72. అతనికి క్యాంటన్‌లో చోటు దొరకలేదు, మానింగ్‌ను తిరస్కరించువారికి అది ఆయుధము. కాని అదే న్యూయార్క్ మహానగరమందలి మఱియొక జట్టగు జెట్స్‌కు క్వార్టర్‌బ్యాకైన జో నేమత్ టచ్‌డౌన్లు 173, ఇంటర్‌సెప్షన్లు 220; తప్పులే ఎక్కువ. 1969 జనవరి 12న బాల్టిమోర్ కోల్ట్స్‌పై గెలిచిన ఒక్క సూపర్ బౌల్, ఆ గెలుపు నాడు చిన్నచూపు చూడబడిన జెట్స్ లీగు గౌరవమును నిలబెట్టిన వైనము, అతనిని 1985లో క్యాంటన్‌కు చేర్చినవి. అది న్యాయమే, నేమత్ లేని ఫుట్‌బాల్ చరిత్ర వెలితిగా నుండును. అట్లయినచో మానింగ్ లేని చరిత్ర యేమగును? అజేయులని పేరొందిన జట్టు 19వ ఆటలో ఏల ఓడెనో వ్రాయబూనినవాడు ఎవని పేరుతో వ్రాయవలెను? ప్లంకెట్ బయట నుండుట మానింగ్‌ను బయట నుంచుటకు హేతువు కాజాలదు; ప్లంకెట్ విషయము తిరిగి విచారించుటకు హేతువు కావచ్చును.

నిర్ణేతలకు నా మనవి ఒక్కటి. మిన్నెసోటాతో ఓడిన ఆటను, గ్రీన్ బేలో గెలిచిన ఆటను ఒకే సాయంకాలమున, మధ్య విరామము లేక, బంతిని విడిచి పాదములను చూచుచు చూడుడు. రెండింటను అడుగుల లెక్క ఒకటే, చేయి ఎత్తు తీరు ఒకటే, విసరిన దూరమునందలి తెగువ ఒకటే. అట్లు చూచిన పిమ్మట మీ సమ్మతి ఎటువంటిదైనను నేను శిరసావహింతును. 117ను 117తో భాగించి వచ్చిన ఒకటిని చూచి ఇచ్చిన తీర్పును మాత్రము అంగీకరింపజాలను.