కాలేయ రోగి భుజానికి కుదిరిన సూది

సిర్రోసిస్ ఉన్న మనిషికి ఫ్లూ వస్తే అది ఊపిరితిత్తులతో ఆగదు. అప్పటిదాకా ఎలాగో నెట్టుకొస్తున్న కాలేయం ఆ జ్వరంతో చేతులెత్తేయవచ్చు. పొట్టలో నీరు చేరుతుంది, కళ్లు పచ్చబడతాయి, మాట తడబడి మనిషి అయోమయంలోకి జారిపోతాడు. అందుకే ఫ్లూ, కోవిడ్, ఆర్‌ఎస్‌వి (శ్వాసకోశానికి సోకే మరో వైరస్) టీకాలు వీళ్లకు మిగతావాళ్లకంటే ఎక్కువ అవసరం. చిక్కల్లా ఒకటే. టీకాను అందుకుని యాంటీబాడీలు తయారుచేయాల్సిన వ్యవస్థే వీళ్లలో దెబ్బతిని ఉంటుంది.

ఎందుకు దెబ్బతింటుందో తెలిస్తే ఈ టీకాల తయారీలోని పనితనం అర్థమవుతుంది. కాలేయానికి చేరే రక్తంలో దాదాపు ముప్పావు వంతు పేగుల నుంచి పోర్టల్ సిర ద్వారా వస్తుంది. ఆ రక్తంతో కొట్టుకొచ్చే బ్యాక్టీరియా తునకలను కాలేయంలోని సన్నని రక్తనాళాల గోడలను అంటిపెట్టుకున్న కుఫర్ కణాలు పట్టి మింగేస్తాయి. సూక్ష్మజీవుల మీద దాడిచేసే కాంప్లిమెంట్ ప్రొటీన్లలో ఎక్కువ భాగం తయారయ్యేదీ కాలేయంలోనే. సిర్రోసిస్‌లో కాలేయం మచ్చకట్టి గట్టిపడేసరికి రక్తం పక్కదారులు పట్టి కుఫర్ కణాలను దాటుకుని పోతుంది. వడకట్టని తునకలు ఒళ్లంతా తిరుగుతూ రోగనిరోధక కణాలను రాత్రింబవళ్లు రెచ్చగొడతాయి. అలా ఏళ్ల తరబడి రెచ్చిపోయి అలసిన కణాలు అసలు వైరస్ వచ్చినప్పుడు మందకొడిగా కదులుతాయి.

అంతమాత్రాన టీకా వృథా కాదు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రి రికార్డుల ఆధారంగా 2021లో వచ్చిన అధ్యయనం సిర్రోసిస్ రోగుల్నే చూసింది. ఎంఆర్‌ఎన్‌ఏ కోవిడ్ టీకా ఒక డోసు వేసి 28 రోజులు దాటాక ఇన్ఫెక్షన్లు దాదాపు 65 శాతం తగ్గాయి. కాలేయం ఇంకా పని నడుపుకొస్తున్నవారిలో ఈ రక్షణ 67 శాతం, అప్పటికే చేతులెత్తేసినవారిలో 50. ఆ గడువు తర్వాత టీకా పొందినవారిలో కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవారూ, చనిపోయినవారూ లేరు. అందుకున్న ఆ కొద్దిపాటి స్పందన కూడా గురి తప్పకుండా ఉండాలంటే టీకాలోని ప్రొటీన్ సరైన రూపంలో ఉండాలి. ఈ పనిలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకునేది ఆర్‌ఎస్‌వి టీకా.

ఆర్‌ఎస్‌వి వైరస్ పైపొరలో ఎఫ్ అనే ప్రొటీన్ నాటుకుని ఉంటుంది. మూడు ఒకేలాంటి భాగాలు కలిసిన కట్టు అది. వైరస్ మీద ఉన్నంతసేపూ పొట్టిగా, ఎక్కుపెట్టిన విల్లులా ఉంటుంది. కణం దగ్గరకు రాగానే ఒక్క ఊపున సాగి, కణం పొరలో గుచ్చుకుని, మళ్లీ ముడుచుకుంటూ వైరస్ పొరనూ కణం పొరనూ కలిపేస్తుంది. ఒకసారి రూపం మారాక వెనక్కి రావడం ఉండదు. వైరస్‌ను గట్టిగా అడ్డుకునే యాంటీబాడీలు పట్టే చోటు పొట్టి రూపం నెత్తిన ఉంటుంది. సాగిన రూపంలో ఆ చోటే ఉండదు. ఇబ్బంది ఏమిటంటే, ప్రయోగశాలలో శుద్ధి చేసేటప్పుడు ఈ ప్రొటీన్ తనంతట తానే సాగిపోయేది. ఈ సంగతి తెలియకముందే, 1960ల మధ్యలో ఫార్మలిన్‌తో చంపిన ఆర్‌ఎస్‌విని అమెరికాలో పసిపిల్లలకు టీకాగా ఇచ్చి చూశారు. అది కాపాడకపోగా తర్వాత సోకిన జబ్బును మరింత ముదరబెట్టింది. ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత దశాబ్దాలపాటు ఈ టీకా జోలికి వెళ్లడానికే భయపడ్డారు.

జేసన్ మెక్‌లెల్లన్, బార్నీ గ్రాహమ్, పీటర్ క్వాంగ్ బృందం 2013లో ఆ పొట్టి రూపాన్ని పరమాణువుల స్థాయిలో చూసి, సాగకుండా బిగించింది. 574 అమైనో ఆమ్లాల గొలుసులో వాళ్లు మార్చినవి నాలుగంటే నాలుగు. 155వ స్థానంలో, 290వ స్థానంలో ఉన్న సెరీన్లను తీసి సిస్టీన్లు పెట్టారు. పొట్టి రూపంలో ఈ రెండు చోట్లూ పక్కపక్కనే ఉంటాయి, సాగితే దూరమవుతాయి. ఇప్పుడు వాటి గంధకం పరమాణువుల మధ్య బంధం పడింది కాబట్టి దూరం జరగడం కుదరదు. ప్రొటీన్ లోపల కాస్త ఖాళీ ఉండేది, కదలికకు చోటిచ్చేది అదే. 190లో సెరీన్ బదులు ఒళ్లు పెద్దదైన ఫినైల్‌అలనీన్, 207లో వాలీన్ బదులు ల్యూసీన్ పెట్టేసరికి ఆ ఖాళీ పూడిపోయింది. మూడు భాగాలూ విడిపోకుండా అడుగున టీ4 అనే వైరస్ నుంచి తెచ్చిన చిన్న ప్రొటీన్ ముక్కను అతికించారు. నెత్తిన ఉన్న అసలు చోటును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. బయటి ముఖం చెక్కుచెదరకుండా లోపలి కీళ్లను మాత్రమే బిగించిన ఈ సంయమనమే నా దృష్టిలో అసలు నేర్పు. కోవిడ్ స్పైక్ ప్రొటీన్‌లో 986, 987 స్థానాల్లో రెండు ప్రోలీన్లు పెట్టి నిలబెట్టిన పద్ధతి కూడా ఈ ఆలోచన నుంచి పుట్టిందే.

ఈ మార్పుల మీద తయారైన అరెక్స్‌వి టీకాకు 2023 మేలో అమెరికా అనుమతినిచ్చింది. అక్కడ 75 దాటినవారందరితో పాటు, అంతకంటే చిన్న వయసులో వేయించుకోవలసినవారి జాబితాలో దీర్ఘకాలిక కాలేయ జబ్బు ఉన్నవారూ ఉన్నారు. ఒక వయల్‌లో 120 మైక్రోగ్రాముల ప్రొటీన్ పొడి, మరో వయల్‌లో ద్రవం, వేసే ముందు కలుపుతారు. ఆ ద్రవంలో చిలీ దేశపు క్విల్లాయా చెట్టు బెరడు నుంచి తీసిన సాపోనిన్, బ్యాక్టీరియా పైపొర నుంచి తీసి విషం తగ్గించిన కొవ్వు పదార్థం ఉంటాయి. మందగించిన కణాలను తట్టిలేపడం వాటి పని. ఇలాంటి పదార్థాలను అడ్జువెంట్లు అంటారు. హైదరాబాద్‌లో బయోలాజికల్ ఇ తయారుచేసిన కోర్బెవ్యాక్స్ కోవిడ్ టీకాలో ఆ పని సీపీజీ 1018 అనే కృత్రిమ డీఎన్ఏ తునకలది. అవే తునకలు హెప్లిసావ్ అనే హెపటైటిస్ బి టీకాలోనూ ఉన్నాయి. మామూలు హెపటైటిస్ బి టీకా ఆరు నెలల్లో మూడు డోసులు వేసేదాన్ని, ఇది నెల తేడాతో రెండు డోసుల్లో ముగిస్తుంది.

ఫ్లూ టీకాలో ఉపాయం ఇంత సూక్ష్మం కాదు, మోతాదు పెంచడమే. మామూలు టీకాలో ఒక్కో వైరస్ రకానికి 15 మైక్రోగ్రాముల హీమాగ్లుటినిన్ అనే వైరస్ ప్రొటీన్ ఉంటే, హై-డోస్‌లో 60 ఉంటుంది. 65 దాటినవారికోసం వచ్చిన ఈ మోతాదును అవయవ మార్పిడి అయి, రోగనిరోధకతను తగ్గించే మందులు వాడుతున్న పెద్దలకూ ఇవ్వవచ్చు. ముక్కులో పిచికారీగా కొట్టే బతికున్న వైరస్ టీకా మాత్రం వాళ్లకు కూడదు. మన దేశంలో చాలాచోట్ల ఫ్లూ వానాకాలంలో విజృంభిస్తుంది కాబట్టి వానలకు ముందే వేయించుకోవడం మంచిది.

ఇక సూది. సిర్రోసిస్‌లో పోర్టల్ సిరలో పీడనం పెరిగి ప్లీహం ఉబ్బుతుంది, ప్లేట్‌లెట్లు అందులో చిక్కుకుపోతాయి. గడ్డకట్టించే ప్రొటీన్లను కాలేయం సరిపడా తయారుచేయలేదు. అలాంటివారి కండరంలో సూది గుచ్చితే లోపల రక్తం కారి గూడుకట్టి భుజం నల్లబడవచ్చు. అందుకని 23 గేజ్ గానీ అంతకంటే సన్నది గానీ వాడతారు. గేజ్ అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. ఈ రోగుల్లో కండ కరిగిపోయి ఉంటుంది కాబట్టి నర్సు భుజాన్ని వేళ్లతో పట్టి చూసి సూది పొడవు ఎంచుకోవాలి. సూది తీసిన వెంటనే దూదితో కనీసం రెండు నిమిషాలు గట్టిగా అదిమిపట్టాలి. రుద్దకూడదు. రుద్దితే అప్పుడే అతుక్కుంటున్న సన్నని రక్తనాళం మళ్లీ తెరుచుకుంటుంది. మందు ఖరీదు ఎంతైనా, ఈ రెండు నిమిషాలు ఓపిగ్గా అదిమే చెయ్యి లేకపోతే పని సగమే అయినట్టు.

వేళ కూడా చూసుకోవాలి. జబ్బు బయటపడగానే, కాలేయం ఇంకా పని నడుపుకొస్తున్నప్పుడే వేస్తే స్పందన బాగుంటుంది. కాలేయ మార్పిడి జరగబోతుంటే కనీసం రెండు వారాల ముందే ముగించాలని చూస్తారు. మార్పిడి అయ్యాక ఫ్లూ టీకాను నెల దాటిన తర్వాత వేయవచ్చు. ఇంట్లోవాళ్లూ వేయించుకోవాలి, ఎందుకంటే రోగి ఒంట్లో యాంటీబాడీలు తక్కువైతే ఆ లోటును కొంత పూడ్చేది వాళ్లే.

టీకా వేసిన రాత్రి ఒళ్లు నొప్పులు, కాస్త జ్వరం ఉండవచ్చు. ఐబుప్రొఫెన్ లాంటివి వేసుకోకూడదు, సిర్రోసిస్‌లో అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, రక్తస్రావం తెస్తాయి. పారాసిటమాల్ వేసుకోవచ్చు, డాక్టరును అడిగి, రోజు మొత్తంలో 2 గ్రాములకు మించకుండా, అంటే 500 మిల్లీగ్రాముల బిళ్లలు నాలుగు.