సీమ కథకులు నేర్పే రాత

కరువు ఉన్నచోట కథలు వాటంతట అవే పుడతాయన్న భ్రమ ఒకటి ఉంది. కడప, కర్నూలు జిల్లాల కథలను వరసపెట్టి చదివితే ఆ భ్రమ నిలవదు. 1876–78 నాటి ధాత కరువు కర్నూలు జిల్లాను ఊడ్చిపెట్టింది. ఆ తర్వాత కూడా ప్రతి తరం ఒకటో రెండో కరువులను చూస్తూనే వచ్చింది. కానీ కరువును కథగా రాయడం తెలిసినవాళ్లు 20వ శతాబ్దం నడిమికి గానీ పట్టుమని పదిమంది కనపడరు. అప్పటినుంచి వచ్చిన కథలను గట్టిపరిచింది కరువు ఒక్కటే కాదు. రాసేవాడికి సేద్యం లోపలి లెక్క తెలియడం, ఊరి మాట మీద పట్టుండడం, వెనక నిలబడి తప్పు చూపే సంపాదకుడు ఉండడం, తొందర లేకపోవడం కలిసి వచ్చాయి. రాయాలనుకునేవాళ్లు ఈ కథకుల దగ్గర నేర్చుకోవలసింది ఇక్కడే ఉంది.

ఈ ప్రాంతానికి రాయలసీమ అన్న పేరు వచ్చింది 1928లో, నంద్యాలలో. ఆంధ్ర మహాసభలు జరుగుతున్నప్పుడు చిలుకూరి నారాయణరావు సూచించిన ఆ పేరుతో దత్తమండలాలన్న పాత పిలుపు మరుగున పడింది. రాతలో ఈ నేలకున్న విలువలు మాత్రం అంతకంటే చాలా పాతవి. కడప జిల్లా గోపవరం మొల్ల ఊరని ప్రసిద్ధి. తన రామాయణం మొదట్లోనే ఆమె గూఢమైన మాటలతో నింపిన కావ్యాన్ని మూగవాడికీ చెవిటివాడికీ నడుమ జరిగే ముచ్చటతో పోల్చింది. చదవగానే అర్థం తోచాలన్నది ఆమె పెట్టుకున్న నియమం. పాండిత్య ప్రదర్శనే గొప్పగా చెల్లిన రోజుల్లో ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. కడప కథకుల వచనంలోని నిరాడంబరత్వాన్ని చూస్తే ఆ ధైర్యం వృథా పోలేదనిపిస్తుంది.

రెండో పాఠం పరదేశి నేర్పింది. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన సి.పి.బ్రౌన్ అక్కడ బంగళా కొని, పండితులను పెట్టుకుని, సొంత జీతంలోంచి ఖర్చు భరించి తాళపత్రాలకు నకళ్లు రాయించాడు. దొరికిన ఒక్క ప్రతిని నమ్మకుండా అనేక ప్రతులు తెప్పించి పాఠాలు సరిచూసేవాడు. 1829లో ఆయన అచ్చువేయించిన వేమన పద్యాల వెనక ఈ శ్రమ ఉంది. ఆయన నివాసమున్న చోటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో కడపలో బ్రౌన్ గ్రంథాలయం లేచి నిలిచింది. ముందు సేకరణ, తర్వాత పోలిక, ఆ తర్వాతే తీర్పు అన్న ఈ క్రమం పరిష్కర్తకు ఎంత అవసరమో కథకుడికీ అంతే అవసరం.

ఆధునిక కాలంలో కడప జిల్లాకు గట్టి సాహిత్య క్రమశిక్షణ నేర్పిన మనిషి రాచమల్లు రామచంద్రారెడ్డి. రా.రా. అన్న రెండక్షరాలతోనే తెలుగు సాహిత్యలోకం ఆయనను గుర్తుపెట్టుకుంది. సింహాద్రిపురం దగ్గరి పైడిపాలెంలో 1922లో పుట్టిన రా.రా. ‘సవ్యసాచి’ పత్రిక నడిపారు. 1968లో ‘సంవేదన’ త్రైమాసికం మొదలుపెట్టారు. సంవేదన ఎక్కువ సంచికలు రాలేదు. వచ్చిన కొద్ది సంచికలే తెలుగు విమర్శకు కొలబద్ద అయ్యాయి. రచయిత ఎంత పేరున్నవాడైనా, సొంత భావజాలం వాడైనా, రచన బాగాలేకపోతే బాగాలేదనీ, ఎక్కడ బాగాలేదో ఎందుకు బాగాలేదో కూడా రా.రా. చెప్పేవారు. కోపం రచయిత మీద కాదు, అజాగ్రత్త మీద. అభ్యుదయ భావం ఉన్నంత మాత్రాన కథ మంచిదైపోదని అభ్యుదయవాదే అనడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఆయన మాస్కోలో అనువాదకుడిగా కొన్నేళ్లు పనిచేశారు. ఆ అనుభవం ‘అనువాద సమస్యలు’ పుస్తకమైంది; దానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. అనువాదకుల కోసం రాసినా ప్రతి రచయితా చదవదగ్గ పుస్తకమది. పరభాష వాక్యపు ఎముకల మీద తెలుగు చర్మం కప్పితే అది తెలుగు కాదని ఆ పుస్తకం ఉదాహరణ వెంట ఉదాహరణ పెట్టి నిరూపిస్తుంది. అనువాదాల భాషలో ఆలోచిస్తూ సొంత కథలు రాస్తున్నవాళ్లు పెరిగిన ఈ కాలంలో ఆ హెచ్చరిక విలువ ఇంకా పెరిగింది.

రా.రా. పత్రిక నుంచి వచ్చిన కథకుడు కేతు విశ్వనాథరెడ్డి. కమలాపురం ప్రాంతంలోని రంగశాయిపురంలో 1939లో పుట్టారు. ఆయన మొదటి కథ 1963లో సవ్యసాచిలోనే అచ్చయింది. తొలి సంపుటి ‘జప్తు’ 1974లో వచ్చింది. ‘కేతు విశ్వనాథరెడ్డి కథలు’కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1996లో వచ్చింది. మొదటి కథకూ ఆ పురస్కారానికీ నడుమ ముప్పై ఏళ్లకు పైగా ఉన్నాయి. అంత కాలంలో ఆయన రాసిన కథలు తక్కువే. ఉద్యోగం, పరిశోధన, సంపాదకత్వం నడుమ, చెప్పవలసింది కుదిరినప్పుడే రాశారు. కొడవటిగంటి కుటుంబరావు సాహిత్యాన్ని సంపుటాలుగా కూర్చిన పని కూడా ఆయనదే. మరొకరి వేల పుటలను అక్షరం అక్షరం సరిచూడడం కంటే వచనం నేర్చుకోవడానికి మంచి బడి దొరకదు.

కేతు పరిశోధన చేసింది కడప జిల్లా ఊర్ల పేర్ల మీద. కథకుడికి ఆ పనితో ఏం సంబంధమన్న సందేహం రావచ్చు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వంటి పేర్లను పట్టుకుని వెతికేవాడికి ఎక్కడ గుంట ఉండేదో, ఎక్కడ మడుగు ఉండేదో, ఏ కులం ఎటువైపు నుంచి వచ్చి నిలిచిందో, ఏ పల్లె ఎందుకు పాడుబడిందో తెలుస్తుంది. అలా తెలుసుకున్నవాడు కథలో ఒక ఊరిని పెడితే ఆ ఊరికి నిన్న ఉంటుంది. ఆయన కథల పేర్లు చూడండి: జప్తు, పీర్లసావిడి, దాపుడు కోక, కూలిన బురుజు. శీర్షికలో చేతికి తగిలే వస్తువో, ఊళ్లో నలుగురికీ తెలిసిన చోటో, జరిగే పనో ఉంటుంది. పండగకో పబ్బానికో కట్టుకోవడానికి పెట్టెలో దాచుకున్న చీర దాపుడు కోక. ఆడమనిషి బతుకంతా ఆ ఒక్క వస్తువు చుట్టూ తిప్పగలిగితే ఆమె పేదరికాన్ని విశేషణాలతో చెప్పనక్కర్లేదు.

ఇక లెక్క సంగతి. మెట్ట సేద్యం తెలియని రచయిత ఎండిన చేను, పగిలిన నేల, ఆకాశం వైపు చూసే రైతు అని రాసి ఆగిపోతాడు. తెలిసిన రచయితకు అసలు కథ వాన పడ్డాక మొదలవుతుంది. తొలకరి పడి పదును కుదిరితే ఆ పదును ఉండేది కొద్ది రోజులే. ఆ లోపల ఎద్దులు, గొర్రు, విత్తనం, మనుషులు, నాలుగూ ఒకచోట చేరాలి. ఎద్దులు లేనివాడు ఉన్నవాడి విత్తనం ముగిసేదాకా ఆగాలి. ఆగితే పదును పోతుంది. ఎద్దులు అడగబోతే పాత బాకీ మాట వస్తుంది. ఇంట్లో విత్తనానికి దాచిన శెనక్కాయలు ఉంటాయి, పిల్లలకు సంగటిలోకి ఏమీ ఉండదు. వాటిలో రెండు చేరలు వలిచి ఊరిబిండి నూరిందని ఇల్లాలి మీద మొగుడు అరిస్తే అది సంసారంలో గొడవలా కనిపిస్తుంది. లోపల ఎన్ని సాళ్లు తక్కువ పడతాయన్న లెక్క ఉంటుంది. పదును ఆరిపోయేలోగా నిర్ణయం జరిగి తీరాలి కాబట్టి కథకు కాలం బిగువు దానంతట అదే వస్తుంది. ఉత్కంఠ కోసం దెబ్బలాటలు, చావులు తెచ్చిపెట్టనక్కర్లేదు.

మంచి సీమ కథల్లో వడ్డీ, కౌలు, కూలి ధర, బోరు లోతు వంటివి అందుకే స్పష్టంగా కనిపిస్తాయి. వై.సి.వి.రెడ్డి ‘గట్టిగింజలు’, సొదుం జయరాం చిన్న చిన్న కథలు ఈ తూకం చూపిస్తాయి. జయరాం కథల్లో అనవసరమైన వాక్యం దొరకడం కష్టం. రాయదగ్గది ఏదో తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు. వదలదగ్గది తెలిసినవాళ్లు అరుదు. ఆ అరుదైనవాళ్లలో ఆయన ఒకరు.

మాండలికం విషయంలో ఈ కథకులంతా ఒకే దారి పట్టలేదు. కేతు కథనాన్ని శిష్ట వ్యవహారంలో నడిపి సంభాషణల్లో ఊరి మాటను వాడారు. చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన నామిని కథనం మొత్తాన్నీ మాండలికంలోకే దించారు. రెండు దారులూ పండాయి. పండనిది మూడో దారి: ‘యాడ’, ‘యాల’, ‘బువ్వ’ వంటి నాలుగు మాటలు చల్లి మాండలికం అనుకోవడం. మాండలికమంటే మాటలే కాదు, వాక్యం తిరిగే తీరు, మాట ఆపేచోటు. “యాడ తెచ్చేది నాయనా, ఉన్న మూటా ఇత్తనానికే పాయ” అని ముసలమ్మ అంటే అందులో ‘నాయనా’ అన్న పిలుపు అడిగినవాడి నోరు మూయిస్తుంది. అదే మాట ‘అబ్బీ’ అని మొదలైతే వరస మారుతుంది, చనువు మారుతుంది. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారో తెలియకుండా సీమ పల్లెలో సంభాషణ రాయలేరు. కులం, వయసు, అప్పు, మూడూ ఆ పిలుపులోనే బయటపడతాయి.

ముఠా తగాదాల మీద రాయడంలో వదలదగ్గది వదిలే సంయమనం ఇంకా విలువైనది. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2002లో ‘ఇంద్ర’ వచ్చాక సీమ అంటే తొడగొట్టడం, సుమోలు లేపడం అన్న బొమ్మ రాష్ట్రమంతా స్థిరపడింది. అంతకు చాలా ముందే సీమ కథకులు ముఠాలను రాశారు. వాళ్ల చూపు నాయకుడి మీద నిలవలేదు. అతని వెంట తిరిగి కేసుల్లో ఇరుక్కున్న కూలివాడి మీద, వాయిదాలకు పుస్తె కుదువ పెట్టిన ఇల్లాలి మీద, బీడు పడిన చేల మీద నిలిచింది. కొడవలి పైకి లేచే క్షణం కంటే మర్నాడు ఎద్దులకు మేత వేసేవాడెవడన్న ప్రశ్న వాళ్లకు ముఖ్యం. సినిమా చేసిన అన్యాయానికి ఆ కథలు చదవడం కంటే మంచి జవాబు లేదు.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డితో ఈ సంప్రదాయం నవలలోకి విస్తరించింది. కడప జిల్లా కలసపాడు మండలం బాలరాజుపల్లెకు చెందిన ఈ ఉపాధ్యాయుడు ‘కాడి’, ‘తోలుబొమ్మలాట’, ‘ఒంటరి’ వంటి నవలలు రాశారు. ‘కొండపొలం’ 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది. 2021లో క్రిష్ దర్శకత్వంలో సినిమాగా వచ్చింది. ఎండాకాలంలో ఊళ్లో మేతా నీళ్లూ లేక గొర్రెల కాపరులు గుంపుగా మందలను తోలుకుని నల్లమల ఎక్కి వానలు పడేదాకా అక్కడే ఉండడాన్ని కొండపొలం అంటారు. ఉద్యోగం దొరకని చదువుకున్న కుర్రాడిని రచయిత ఆ మంద వెంట పంపుతాడు. నీటి జాడ ఎట్లా వెతకాలో, రాత్రి మందను ఎట్లా నిలపాలో, పులి వాసన తగిలితే ఏం చేయాలో కుర్రాడితో పాటు చదివేవాడూ నేర్చుకుంటాడు. వృత్తి పనితనాన్ని కథకు నేపథ్యంగా కాక కథగానే నడపడం ఈ నవల సాధించిన విజయం. తెలుగులో ఇటువంటి నవలలు ఇంకా రావాలి.

ఇంతమంది రాసినా వీళ్లలో రాత మీద బతికినవాళ్లు దాదాపు లేరు. ప్రొద్దుటూరులో తెలుగు చెప్పుకుంటూ శివతాండవం రాసిన పుట్టపర్తి నారాయణాచార్యులు మొదలు నేటి కథకుల దాకా బడిపంతుళ్లే ఎక్కువ. చిన్న వయసులో తాను రాసిన ‘పెనుగొండలక్ష్మి’నే తర్వాత విద్వాన్ పరీక్షకు పాఠ్యగ్రంథంగా చదవవలసి వచ్చిన పుట్టపర్తి వంటివారికి కూడా పేరు అన్నం పెట్టలేదు, ఉద్యోగం పెట్టింది. జీతం ఒకచోట, రాత ఒకచోట ఉండడం వల్ల పత్రిక అడిగిందనో పోటీ గడువు ముంచుకొచ్చిందనో రాయవలసిన అవసరం తగ్గింది. బడిపంతులుకు ఊరు వదిలే పనిలేదు, పిల్లల నోట ప్రతి ఇంటి సంగతీ చెవిన పడుతుంది. కర్నూలులో ఎం.హరికిషన్ జానపద కథలను ఏరి పిల్లల పుస్తకాలుగా తెచ్చిన కృషిలో ఆ లాభం కనిపిస్తుంది.

ఇప్పటి సీమ బతుకు చాలావరకు కొత్త లెక్కల మీద నడుస్తోంది. రాజంపేట, రాయచోటి పల్లెల నుంచి కువైట్ పోయే ఆడవాళ్లు వీసాకు తెచ్చిన అప్పు, ఓర్వకల్లు పరిసరాల్లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చాక మారిన భూమి సంగతులు, చీనీ తోటకు వేసిన నాలుగో బోరు ఎండిపోవడం, ఇవన్నీ కేతు కాలంలో లేనివో, ఇంత లేనివో. వీటిని రాయబోయేవాళ్లు ఏజెంటు కమీషన్ ఎంతో, బోరు అడుగుకు ఎంత పడుతుందో, కువైట్ నుంచి వచ్చిన డబ్బు ఇంట్లో ఎవరి చేతికి పోతుందో ముందు కనుక్కోవలసి ఉంది. ఆ ఇళ్లల్లోంచి చదువుకుని వచ్చిన ఆడపిల్లలకు ఆ లెక్కలు ఇప్పటికే తెలుసు.