దక్షిణదేశమునఁ గ్రైస్తవమతప్రవేశము – ఆధారవిమర్శ

దక్షిణభారతమునఁ గ్రైస్తవమత మెప్పుడు ప్రవేశించెనను ప్రశ్నకు రెండు విధములగు సమాధానములు కలవు. ఏసుక్రీస్తు శిష్యుఁడగు తోమా క్రీ. శ. 52వ సంవత్సరమున మలయాళతీరమున దిగి, సంఘములను స్థాపించి, పిదప మైలాపురమున హతుఁడయ్యెనని కేరళక్రైస్తవుల పారంపరికవిశ్వాసము. శాసనములును గ్రంథములును జెప్పినంతవఱకే గ్రాహ్యమని చారిత్రకుల మతము. ఇందొకదానిని సత్యమనియు, వేఱొకదాని నసత్యమనియుఁ దీర్పు చెప్పుటకంటె, ఏ యాధార మెంతవఱకు సాక్ష్య మీయఁగలదో నిర్ణయించుటయే విమర్శకు ముఖ్యకార్యము.

తోమా కథకుఁ బ్రాచీనాకరము 'తోమా చర్యలు' అను సిరియాభాషాగ్రంథము. ఇది క్రీ. శ. 3వ శతాబ్దికిఁ జెందినది. హబ్బాను అను వర్తకుఁడు తోమాను దాసునిగాఁ గొని గుడ్నఫరు అను రాజు కొలువునకుఁ దోడ్కొనిపోయినట్లును, ప్రాసాదనిర్మాణమునకై రాజిచ్చిన ధనమును తోమా బీదలకుఁ బంచిపెట్టినట్లును ఇందుఁ గలదు. ఈ రాజు చరిత్రకుఁ జిరకాల మజ్ఞాతుఁడై యుండెను. 19వ శతాబ్దిలో గొండోఫరీసు నాణెములు పశ్చిమోత్తరదేశమున లభించినవి. తఖ్త్-ఇ-బాహీ శాసనమును ఆతనిఁ బేర్కొనుచున్నది. కావున రాజు సత్యుఁడని తేలినది. కాని రాజు సత్యుఁడైనంతమాత్రమునఁ గథ యెల్ల సత్యము గానేరదు. అదిగాక యాతని రాజ్యము గాంధారప్రాంతమునందలిది. ఈ సాక్ష్యమును మలయాళదేశమునకుఁ దెచ్చువా రీ దూరమును మఱవరాదు.

అట్లని తోమా రాక యసంభవ మనుటయు సాహసమే. క్రీ. శ. 1వ శతాబ్దిలో ఎఱ్ఱసముద్రమునుండి మిరియములకై ముచిరిపట్టణమునకు నావలు వచ్చుచుండెనని ప్లినీ రచనవలనను, 'పెరిప్లసు' వలనను దెలియుచున్నది. మార్గ ముండెను. అయినను మార్గము సంభావనకే సాక్షి గాని యాత్రకు సాక్షి గాదు.

నిస్సంశయమగు సాక్ష్యము క్రీ. శ. 6వ శతాబ్దిలోఁ గానవచ్చును. మిరియములు పండు 'మలే' దేశమునను, సింహళమునను గ్రైస్తవు లుండిరనియు, 'కల్యాణ' యందుఁ బారసీకమున నభిషిక్తుఁడైన బిషప్పు గలఁడనియు కాస్మాసు వ్రాసెను. 1547వ సంవత్సరమున మైలాపురసమీపమునందలి కొండపై బయల్పడిన శిలువపై లేఖనమును బహ్లవీలిపిలోనే యున్నది. అది పారసీకసంఘసంబంధమును దెలుపును. తోమా పేరైన నందు లేదు.

వీనికంటె విలువగలది క్రీ. శ. 849 నాఁటి తరిసాపళ్ళి తామ్రశాసనము. చేరరాజగు స్థాణురవి యేలుబడి యైదవయేఁట, వేనాటి ప్రభువగు అయ్యనడిగళ్, మరువాన్ సపీరీశో కట్టించిన కొల్లపు దేవాలయమునకు భూమిని, హక్కులను నొసఁగెను. సాక్షుల చేవ్రాళ్ళు అరబీ, పహ్లవీ, హెబ్రూ లిపులలోఁ గలవు. ఆ దేవాలయనామమే యొక చరిత్ర. 'తరిసా' పారసీకపదము, దైవభీతి గలవాఁడని ధాత్వర్థము, క్రైస్తవుఁడని రూఢి. 'పళ్ళి' ద్రావిడపదము, జైనబౌద్ధుల నివాసములకును జెల్లినది. తెనుఁగున 'పల్లి' గ్రామవాచియై నిలిచినది. పరదేశపదము పూర్వపదముగను, దేశిపద ముత్తరపదముగను గల యీ సమాసమునఁ గ్రొత్తమతము దేశభాషలోఁ గుదురుకొన్న విధము స్పష్టముగాఁ గానవచ్చుచున్నది.

ఇఁకఁ బూర్వకాలపు టాధారములు లేకుండుటను గూర్చి యొకమాట. 1599వ సంవత్సరమున ఉదయంపేరూరు సభయందు, ఆర్చిబిషప్పు మెనెజెసు నాయకత్వమున, ఆ సంఘమువారి సిరియాగ్రంథము లనేకములు దోషయుక్తములుగా నిర్ణయింపఁబడినవి, పెక్కులు దగ్ధములయ్యెను. స్వమతస్థులచేతనే గ్రంథములు గోల్పోయిన సంఘమును గ్రంథము చూపుమని నిర్బంధించుట న్యాయము గాదు. ఆ నష్టమును జూపి, నశించిన గ్రంథములందుఁ దమకు వలసిన దెల్ల నుండెననుటయు న్యాయము గాదు.

కావున 6వ శతాబ్దినాఁటికి మలయాళతీరమునఁ గ్రైస్తవసంఘ ముండుట సిద్ధాంతము. 1వ శతాబ్దిలోఁ దోమా వచ్చుట సంభావ్యమగు నైతిహ్యము. ఐతిహ్యమును శాసన మనరాదు. శాసనము లేనంతమాత్రమున నైతిహ్యమును బొంకనరాదు. స్థలపురాణములతోఁ బనిగల తెనుఁగుపండితులకును ఈ మర్యాద యనుసరణీయము.