ముందు వేగం, తర్వాత స్థానం

ఇంటర్‌లో లఘులోలకం చదివినవాళ్లెవరికైనా టూ పై రూట్ ఎల్ బై జీ గుర్తుంటుంది. దాని పక్కనున్న షరతే గుర్తుండదు: లోలకం కొంచెమే ఊగాలి. దారం బదులు సన్నని కడ్డీకి గుండు బిగించి, 90 డిగ్రీల దాకా ఎత్తి వదిలితే ఒక్కో ఊపుకీ సూత్రం చెప్పినదానికన్నా 18 శాతం ఎక్కువ కాలం పడుతుంది. అక్కడ ఆ సూత్రం పనికిరాదు. కాలాన్ని చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్క చివర వేగమెంత, స్థానమెక్కడ అని లెక్కగట్టుకుంటూ పోవాలి. ఆయిలర్ 1768లో అచ్చువేసిన పద్ధతి ఇదే. పైథాన్‌లో నాలుగు లైన్లు.

నన్నడిగితే లోలకం కన్నా ముందు స్ప్రింగుతో మొదలుపెట్టాలి. జవాబు ముందే తెలుసు కనక ప్రోగ్రాం అబద్ధమాడితే దొరికిపోతుంది. ఘర్షణ లేని స్ప్రింగు, ఊపుకు 6.28 సెకన్లు. శక్తి మారకూడదు. 0.1 సెకను చొప్పున అడుగులేస్తే ఆయిలర్ లెక్కలో అడుగుకో శాతం శక్తి పెరుగుతుంది. చక్రవడ్డీ కదా, ఊపు పూర్తయ్యేసరికి 87 శాతం! అడుగును పదో వంతుకు తగ్గించండి. ఊపుకు ఆరున్నర శాతమే, కానీ పది ఊపులకు మళ్లీ అదే 87.

విరుగుడు చూస్తే నవ్వొస్తుంది. ముందు వేగాన్ని మార్చి, ఆ కొత్త వేగంతోనే స్థానాన్ని జరపాలి. ప్రోగ్రాంలో రెండు లైన్ల వరస మార్చడం, అంతే. శక్తి కాస్త అటూ ఇటూ ఊగుతుంది కానీ పెరుగుతూ పోదు. అలన్ క్రోమర్ అనే భౌతికశాస్త్రవేత్త 1981లో దీనిమీద వ్యాసం రాశాడు. ఆయన దృష్టికి తెచ్చింది ఒక హైస్కూల్ విద్యార్థిని. ఈ కోవకే చెందిన పద్ధతితో లూ వెర్లే 1967లో 864 ఆర్గాన్ అణువుల కదలికను లెక్కగట్టాడు.

పాఠాల్లో మాత్రం ఆయిలర్‌ని ఒక పేజీలో దాటేసి నాలుగో ఆర్డర్ రుంగె-కుట్టా పద్ధతికి పరిగెత్తుతారు. నా పేచీ అక్కడే. కొద్ది ఊపులకు అది చాలా కచ్చితం, నిజమే. కానీ దానిలోనూ శక్తి సన్నగా కారిపోతూనే ఉంటుంది. గ్రహాలను లక్షల ఏళ్లు తిప్పాలంటే ఆ కారడం కొంప ముంచుతుంది. అందుకే నేను రాసే ఏ ప్రోగ్రాంలోనైనా ముందు శక్తి గ్రాఫ్ గీస్తాను, దారి గ్రాఫ్ తర్వాత.

పైథాన్ లైబ్రరీ సైపైలో ఈ లెక్కలు చేసిపెట్టే రెడీమేడ్ ఫంక్షన్ సాల్వ్ ఐవీపీ ఉండగా ఇదంతా ఎందుకని పిల్లలు అడుగుతారు. వాడుకోండి. మనం ఏమీ చెప్పకపోతే అది అడుగడుక్కీ దాదాపు వెయ్యింట ఒక వంతు తప్పును సరిపెట్టుకుంటుంది. ముందు ఆ అంకె తగ్గించండి.