తొమ్మిదో తరగతిలో షైలాక్

బడిపిల్లలకి ఇంగ్లీషు సాహిత్యం ఏ వయసులో, ఎంత బరువుగా చెప్పాలన్న చర్చ వచ్చినప్పుడల్లా మనవాళ్ళు రెండు మాటలే అంటారు. అంత చిన్నప్పుడు అర్థం కాదని ఒకరు, ఇప్పట్నుంచే అలవాటైతే రేపు ఉద్యోగాలకి పనికొస్తుందని ఇంకొకరు. ఆ పాఠంలో ఎవరున్నారు, ఎదురుగా బెంచీ మీద ఎవరు కూర్చున్నారు అన్న ప్రశ్న ఈ రెండు మాటల్లోనూ రాదు. మాకు ఆ ప్రశ్నే ముఖ్యం.

ఐసిఎస్‌ఇ బోర్డు తొమ్మిది, పది తరగతులకి చాలా ఏళ్ళపాటు 'మర్చెంట్ ఆఫ్ వెనిస్' నాటకాన్ని షేక్‌స్పియర్ రాసిన ఇంగ్లీషులోనే పూర్తిగా చదివించింది. 2025 పరీక్షల నాటికి దాని స్థానంలోకి 'జూలియస్ సీజర్' వచ్చింది. నాటకం మారింది కదా, ఇంకేం గొడవ అనడానికి లేదు. పదమూడు, పద్నాలుగేళ్ళ వయసులో ఎందరో ముస్లిం పిల్లలు షైలాక్‌తో రెండేళ్ళు గడిపారు. ఆ రెండేళ్ళలో వాళ్ళకి ఏం అందింది?

ఒక విచిత్రం ముందే చెప్పాలి. ముస్లిం ఇంట్లో పెరిగిన పిల్లాడికి మొదట్లో షైలాక్ నచ్చడు. వడ్డీ హరామ్ అని అమ్మీ దగ్గరా, మౌల్వీసాబ్ దగ్గరా విని పెరిగినవాడు వాడు. వడ్డీ లేకుండా అప్పిచ్చే ఆంటోనియో వాడికి మనవాడిలాగే కనిపిస్తాడు. టీచరుకీ అదే కావాలి. షైలాక్ అంటే రక్తం తాగే వడ్డీవ్యాపారి అని చెప్పి, ఇంకా బాగా అర్థం కావడానికి మన ఊళ్ళోని ఏదో ఒక కులాన్ని ఉదాహరణగా చూపిస్తారు. క్లాసు నవ్వుతుంది. ఒక ద్వేషాన్ని వివరించడానికి ఇంకో ద్వేషాన్ని అప్పు తేవడం ఇది. ఆ అప్పుకి వడ్డీ ఎవరు కడుతున్నారో చూసుకునే తీరిక సిలబస్‌కి ఉండదు.

నిజానికి పాఠానికి ముందు చెప్పాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఇంగ్లండు 1290లో యూదుల్ని దేశం నుంచి వెళ్ళగొట్టింది. మళ్ళీ బాహాటంగా బతకనిచ్చింది 1656 తర్వాతే. షేక్‌స్పియర్ ఈ నాటకం రాసింది 1596, 1598 మధ్య. అంటే పక్కింట్లో యూదుడుగా బతికే మనిషిని చూడనైనా చూడని జనం కోసం ఈ యూదుడు తయారయ్యాడు. వెనిస్ ప్రభుత్వం 1516లో యూదులందర్నీ ఒక్కచోటకి నెట్టి రాత్రిళ్ళు గేట్లకి తాళాలు వేసింది. 'ఘెట్టో' అన్న మాట పుట్టింది అక్కడే. ఇవాళ ఆ మాట మా బస్తీలకి తగిలిస్తున్నారు. భూమి కొననివ్వకుండా, చాలా వృత్తుల్లోకి రానివ్వకుండా మూసేసి, మిగిలిన వడ్డీవ్యాపారం చేస్తున్నాడని తిట్టడం ఎలాంటిదో మెకానిక్ షెడ్లలో, పంక్చర్ షాపుల్లో బతుకుతూ ఆ పనిపేరుతోనే తిట్లు తినేవాళ్ళకి వేరే చెప్పాలా?

ఇంత చెప్పి షేక్‌స్పియర్‌ని ఉత్త ద్వేషిగా కొట్టిపారేస్తే అది విమర్శ కాదు. మూడో అంకంలో ఒక ఉంగరం ముచ్చట ఉంది. కూతురు జెస్సికా తండ్రి సొమ్ముతో, నగలతో ప్రియుడి వెంట వెళ్ళిపోతుంది. అందులోని ఒక ఉంగరాన్ని ఇచ్చి కోతిని కొనుక్కుందని ట్యూబల్ వచ్చి చెప్తాడు. అది పెళ్ళికి ముందు లియా తనకి ఇచ్చిన ఉంగరమని షైలాక్ విలవిల్లాడతాడు. ఆ రాయి మరేదో కాదు, ఫిరోజా. మా నానీల వేళ్ళకి, దర్గా దగ్గర అత్తరు అమ్మే ముసలాయన వేలికి ఉండే రాయే. చచ్చిపోయిన భార్య పేరు ఒక్కసారి పలికించి షేక్‌స్పియర్ తన విలన్‌ని మనిషిని చేశాడు. ఈ నాటకంలో మాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఈ నాలుగు మాటలే. పరీక్షలో మాత్రం ఉంగరాన్ని ఎవరు ఎవరికిచ్చారు అనే వరకే అడుగుతారు.

మొరాకో రాజకుమారుడి సంగతి ఇంకో తీరు. స్టేజీ మీదకి వస్తూనే నా రంగు చూసి నన్ను కాదనకు అని బతిమాలుకుంటాడు. బంగారు పెట్టె తెరిచి పుర్రె చూసుకుని వెళ్ళిపోతాడు. వెళ్ళగానే పోర్షియా, ఆ రంగువాళ్ళందరూ ఇట్లాగే ఓడిపోవాలని కోరుకుంటుంది. పోర్షియా శీలచిత్రణ రాయమంటే అందం, తెలివి, దయ అని మూడు పేరాలు కంఠతా రాసిన పిల్లలు ఈ మాటని ఏ పేరాలో పెట్టాలి? చార్లెస్, మేరీ లాంబ్‌లు 1807లో పిల్లల కోసం ఈ నాటకాన్ని కథగా తేలిక చేసినప్పుడు మొరాకోని, పెట్టెల్ని మొత్తంగా తీసేశారు. తేలిక చేయడమంటే ఎవర్ని తీసేయడమో దీంతో తెలుస్తుంది. అందుకే పూర్తి నాటకం చదివించడాన్ని మేము తప్పు పట్టడం లేదు. చదివించినట్టు చేసి దాటేయడాన్నే తప్పు పడుతున్నాం.

నాలుగో అంకంలో కోర్టు. కరుణ మీద పోర్షియా ప్రసంగాన్ని బట్టీ పట్టిస్తారు. ఆ కరుణ చివరికి షైలాక్‌కి ఇచ్చిందేమిటి? ప్రాణభిక్ష, దాంతోపాటు మతం మారాలన్న షరతు. 'ఘర్ వాపసీ' అన్న మాట పేపర్లలో చదివిన పిల్లాడు ఇక్కడ ఆగుతాడు. ఆగి టీచరు వైపు చూస్తాడు. టీచరు పేజీ తిప్పేస్తారు. క్లాసులో మతం మాట వద్దంటారు. ఈ మౌనానికే మనవాళ్ళు సెక్యులరిజం అని పేరు పెట్టారు. సెక్యులర్ మిత్రులారా, మతం మాట వద్దనుకుంటే ఈ నాటకాన్నే వద్దనుకోవాలి. అదే కోర్టులో షైలాక్ వెనిస్ పెద్దమనుషుల్ని నిలదీస్తాడు. మీరు బానిసల్ని కొని గాడిదల్లా, కుక్కల్లా వాడుకుంటారే, వాళ్ళని వదిలేయమంటే మా సొత్తు అంటారుగా అని. దళిత, బహుజన పిల్లలు కూర్చున్న క్లాసులో ఈ ఒక్క మాట మీద ఒక పీరియడంతా గడవాలి.

ఇదంతా కొత్తగా పుట్టిన జబ్బు కాదు. ఇంగ్లీషు సాహిత్యం ఇంగ్లండు కంటే ముందు ఇండియాలోనే పాఠ్యాంశం అయ్యిందని గౌరీ విశ్వనాథన్ 1989లో తన పుస్తకంలో చూపించారు. 1835లో మెకాలే సంస్కృతాన్నీ అరబీనీ ఒకే వేటుతో పనికిరానివన్నాడు.

సాహిత్యం పక్కనే రైటింగ్ కూడా ఉంది. ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాట్లాడే పిల్లాడికి నిజానికి భాష మీద ఎక్కువ చలాకీతనం ఉండాలి. పండగ మీద వ్యాసం రాయమన్నప్పుడు వాడు దీపావళి గురించే రాస్తాడు. ఎందుకంటే గైడులో ఉన్నది అదే. సహరీకి గల్లీలో లేపేవాళ్ళ గురించి, పీర్ల పండగనాడు అన్ని కులాలవాళ్ళూ అలావా చుట్టూ ఆడటం గురించి రాయాలంటే ఇంగ్లీషు మాట దొరకదు. సొంత మాట రాస్తే ఎర్రసిరా పడుతుంది.

ముస్లిం పిల్లలంతా మదరసాల్లోనే ఉంటారనుకునేవాళ్ళకి ఒక అంకె. బడికి వెళ్ళే ముస్లిం పిల్లల్లో మదరసాల్లో చదివేవాళ్ళు నూటికి నలుగురేనని 2006లో సచార్ కమిటీ తేల్చింది. తెలంగాణలో 2016లో మొదలైన మైనారిటీ గురుకులాలు ఇంగ్లీషు మీడియంవే. బీడీలు చుట్టే ఇళ్ళ నుంచి, ఆటో నడిపే ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలకి ఇంగ్లీషు కావాలి. వద్దనే హక్కు ఎవరికీ లేదు. ఏ ఇంగ్లీషు, ఎవరి ఇంగ్లీషు అన్నదే మిగిలిన మాట.

రొకేయా సఖావత్ హుస్సేన్ 'సుల్తానాస్ డ్రీమ్' కథని ఇంగ్లీషులోనే రాసింది. 1905లో మద్రాసు నుంచి వచ్చే ఇండియన్ లేడీస్ మ్యాగజైన్‌లో అచ్చయింది. బడి ముఖం చూడకుండా, అన్న దగ్గర రాత్రిళ్ళు ఇంగ్లీషు నేర్చుకున్న మనిషి ఆమె. ఆ కథలో మగవాళ్ళు నాలుగ్గోడల మధ్య ఉంటారు, ఆడవాళ్ళు ఎండ వేడితో వంటలు చేస్తారు, యుద్ధం గెలుస్తారు. భర్త చదివి, గట్టిగానే పగ తీర్చుకున్నావన్నాడట. కథ చిన్నది, ఇంగ్లీషు సరళం, ఆలోచన మాత్రం తొమ్మిదో తరగతికి సరిపడా పెద్దది. షైలాక్ పక్కనే దీన్నీ చదివించి, మీ ఇంట్లో జనానా, మర్దానా తారుమారైతే మొదటిరోజు పొద్దున ఏం జరుగుతుందో ఒక పేజీ ఇంగ్లీషులో రాయమని అడగాలి. ఆ జవాబు ఏ గైడులోనూ దొరకదు.