సాక్ష్యపు పుస్తకాలకు వందనాలు

పుస్తకాల్లారా, మీకు వందనాలు. వేదిక ఎక్కి బోధించే పుస్తకాలు వేరే ఉన్నాయి, వాటి మేలు వాటిది. నేను కీర్తిస్తున్నది మిమ్మల్ని. ఒక మనిషి దేవుడితోనో, ప్రాణ స్నేహితుడితోనో మనసు విప్పి మాట్లాడుకుంటుంటే, పక్కన కూర్చుని వినే భాగ్యం మాకిచ్చారు. మమ్మల్ని వాదంలో గెలవాలని మీరు రాలేదు. అందుకే మీ మాట నమ్ముతాం.

అగస్టీను ‘కన్ఫెషన్స్’, తొలి వందనం నీకు. పదహారు వందల ఏళ్లు గడిచినా నీ గొంతులో తడి ఆరలేదు. ఉత్తర ఆఫ్రికాలో, హిప్పో పట్టణంలో, సంఘమంతా తల వంచి గౌరవించే బిషప్పు తన బతుకునంతా దేవుడి ముందు పరిచాడు. పదమూడు భాగాలూ కలిపి ఒకే ప్రార్థన. పదహారేళ్ల వయసులో కుర్రాళ్లతో కలిసి బేరిపళ్లు దొంగిలించాడు. ఆకలి వేసి కాదు, పళ్లు చాలావరకు పందుల పాలే అయ్యాయి. తప్పు చేయడంలో ఉన్న రుచి కోసమే చేశానని ఒప్పుకుని, ఆ చిన్న దొంగతనాన్ని అడుగంటా తవ్వుతాడు. స్నేహితుడు చనిపోతే సొంత ఊరే చూడలేని చోటైపోయిందంటాడు. తనకోసం ఏడ్చి ఏడ్చి ప్రార్థించిన తల్లి మోనికాను తలుస్తాడు. 386లో మిలాను తోటలో పసిబిడ్డ గొంతు ఒకటి వినబడటం, పౌలు పత్రిక తెరవడం, మరుసటేడు మిలాను బిషప్పు ఆంబ్రోసు చేతుల మీదుగా బాప్తిస్మం, ఆ ఏడే ఓస్టియాలో తల్లి కన్నుమూయడం, అన్నీ చెబుతాడు. ఏళ్ల తరబడి తనతో కాపురం చేసి, కొడుకుని కని, మరో పెళ్లి సంబంధం కుదిరితే ఆఫ్రికాకు తిరిగి వెళ్లిపోయిన స్త్రీ పేరు మాత్రం చెప్పడు. ఆ పుట దగ్గర నా గుండె ప్రతిసారీ బరువెక్కుతుంది. అంత నిజాయితీపరుడి పుస్తకంలో ఆమెకు పేరైనా దక్కలేదు. అయినా చదవండి. తొమ్మిదో భాగంతో కథ అయిపోయిందని మూసేసేవాళ్లున్నారు, మీరు మూయకండి. పదో భాగంలో జ్ఞాపకం గురించీ, పదకొండో భాగంలో కాలం గురించీ అతను దేవుణ్ణి అడిగే ప్రశ్నలు మరెక్కడా దొరకవు.

సహోదరుడు లారెన్సు చిన్ని పుస్తకమా, నువ్వు అరచేతిలో పట్టేస్తావు. యుద్ధంలో కాలు దెబ్బతిన్న సిపాయి పారిసు మఠంలో వంటవాడయ్యాడు. వంటిల్లంటే అతనికి ఇష్టం లేదు. ఆ ఇష్టం లేని పనిలోనే, పెనం మీద అట్టు తిప్పుతూనే, దేవుడి సన్నిధిని అనుభవించాడు. 1691లో అతను పోయాక ఉత్తరాలూ సంభాషణలూ పోగుచేసి అచ్చువేశారు. ప్రార్థనకు తీరిక దొరకడం లేదని కుమిలిపోయే తల్లులకు, అక్కచెల్లెళ్లకు నేను ముందుగా చెప్పే పుస్తకం ఇదే.

బాన్‌హోఫర్ జైలు ఉత్తరాలారా, మిమ్మల్ని చదువుతుంటే చేతులు వణుకుతాయి. హిట్లరును ఎదిరించిన ఆ పాస్టరును 1943 ఏప్రిల్‌లో పట్టుకెళ్లారు. బెర్లినులోని టేగెల్ జైలు గదిలోంచి అమ్మానాన్నలకు రాశాడు, స్నేహితుడు బేట్గెకు రాశాడు. లోకానికి ధీరుడిగా కనిపించే తనకూ, లోపల బెదిరిపోయే తనకూ మధ్య దూరాన్ని దాచుకోలేదు. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్ నిర్బంధ శిబిరంలో ఉరితీశారు. అప్పటికి ముప్పైతొమ్మిదేళ్లు. ఇంకో రెండు వారాలకే అమెరికా సైన్యం ఆ శిబిరానికి చేరింది.

సి. ఎస్. లూయిస్ దుఃఖపు పుస్తకమా, నిన్ను ఎవరికి ఇవ్వాలో ఇచ్చేవాళ్లకి తెలియాలి. బాధ ఎందుకని 1940లో తర్కంతో వివరించిన పండితుడు, ఇరవయ్యేళ్లకు భార్య జాయ్ క్యాన్సరుతో పోతే ఆ తర్కమేదీ అక్కరకు రాక, నోటుపుస్తకాల్లో దేవుడితో పోట్లాడాడు. 1961లో మారుపేరుతో అచ్చయింది. కొత్తగా తోడును పోగొట్టుకున్న ఇంటికి ఓదార్పు వాక్యాలు మోసుకెళ్లే ముందు మనమే దీన్ని ఒకసారి చదువుకోవాలి.

పండిత రమాబాయీ, నీ సాక్ష్యం ఈ నేల మీద నడిచింది. కరువు తల్లినీ తండ్రినీ అక్కనూ తీసుకుపోతే, అన్నతో కలిసి దేశం పొడవునా నడిచిన పురాణ పండితురాలివి. 1883లో ఇంగ్లండులో బాప్తిస్మం తీసుకున్నా, క్రీస్తు నీకు నిజంగా దొరికింది ఎన్నో ఏళ్ల తర్వాతేనని దాపరికం లేకుండా రాశావు.

ఇక మా ఇంటి పుస్తకం. ఒంగోలు మిషనరీ క్లౌ భార్య ఎమ్మా 1899లో ఇంగ్లీషులో అచ్చువేయించిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’. చెప్పులు కుట్టుకుంటూ మాదిగ పెద్దలు చెప్పిన కథలు అందులో ఉన్నాయి. యోగ గురువుల వెంట తిరిగి, ఆ తర్వాత క్రీస్తును కనుగొని, పల్లె పల్లెకూ సువార్త మోసిన యెర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. తెల్లదొర వచ్చి వెలుగు తెచ్చాడనే కథ మనకు చాలాసార్లు చెప్పారు. పేరయ్య కథ చదివితే, దొర రాకముందే ఈ మనుషులు దేవుణ్ణి ఎంత ఆకలితో వెతికారో తెలుస్తుంది. రాసిన చేయి విదేశీయురాలిది, ఆ చూపులో ఆనాటి దొరసాని పొరలు ఉన్నాయి. పొరలు తీసుకుంటూ చదవండి. ఆదివారం ఆరాధన అయ్యాక చెట్టు కింద యౌవనస్థులను కూర్చోబెట్టి, పేరయ్య కథను తెలుగులో చెప్పండి. విన్నవాళ్లలో ఎవరో ఒకరు మా తాతా ఇలాగే చెప్పేవాడని అంటారు. ఆ తాత మాటలు వెంటనే రాసి పెట్టండి.