కార్తె చెప్పిన వాన, సీసా కొలిచిన వాన

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట ఇప్పటికీ తెలుగు ఇళ్లలో వినిపిస్తూనే ఉంది. ఆ మాట విన్న పిల్లవాడు "రోహిణి అంటే ఏంటి తాతయ్యా, ఎండ అప్పుడే ఎందుకు మండిపోతుంది?" అని అడిగితే జవాబు చెప్పగలిగేవాళ్లు తగ్గిపోయారు. బడి పుస్తకంలో నీటి చక్రం బొమ్మ ఉంటుంది. సముద్రం నుంచి పైకి ఒక బాణం, మబ్బు నుంచి కిందికి ఒక బాణం. ఆ బొమ్మలో ఊరు ఉండదు, తేదీ ఉండదు. కార్తెల లెక్కలో రెండూ ఉన్నాయి. పిల్లలకు నీటి గురించి, గాలి గురించి, వాతావరణం గురించి నేర్పడానికి ఇంతకంటే మంచి మొదలు నాకు తెలియదు.

సూర్యుడు ఏడాది పొడవునా 27 నక్షత్రాల మీదుగా సాగుతున్నట్టు మనకు కనిపిస్తాడు. ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులు ఒక కార్తె. రోహిణి మే 25 ప్రాంతంలో వస్తుంది, జూన్ 7, 8 తేదీల్లో మృగశిర ప్రవేశిస్తుంది. ఆ తర్వాత ఆరుద్ర, పునర్వసు, పుష్యమి, ఆశ్లేష, మఖ, పుబ్బ, ఉత్తర. విత్తనం ఎప్పుడు వేయాలి, నారు ఎప్పుడు పోయాలి అన్న మాటలన్నీ ఈ పేర్ల మీదే నడిచేవి. అదును దాటితే పంట దక్కదు కాబట్టి రైతుకు నెల మరీ పెద్ద గడువు. రెండు వారాలైతే సేద్యానికి సరిగ్గా సరిపోతుంది.

వేసవి సెలవుల్లోనే మొదటి పాఠం చెప్పవచ్చు. వాకిట్లో ఒక కర్రను నిలువుగా పాతి, మిట్టమధ్యాహ్నం నీడ ఎటు పడుతుందో చూడమనండి. హైదరాబాద్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేది మే 9 ప్రాంతంలో. ఆ మధ్యాహ్నం కర్రకు నీడే ఉండదు. రోహిణి వచ్చేసరికి సూర్యుడు ఇంకా ఉత్తరానికి జరిగి, నీడ దక్షిణం వైపు పడుతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఉత్తరానికి పడే నీడ ఇలా తిరగబడటం కళ్లారా చూసిన పిల్లలు తప్పకుండా ఒక ప్రశ్న వేస్తారు: సూర్యుడు మనల్ని దాటి వెళ్లిపోయాక కూడా ఇంత ఎండేమిటి? నేల అప్పటికి నెలల తరబడి వేడిని తాగి ఉంటుంది, చల్లబరిచే వాన ఇంకా రాలేదు. ఉత్తరాదిన కాగిన నేల మీది గాలి తేలికై పైకి లేస్తుంది, అక్కడ ఒత్తిడి పడిపోతుంది, ఆ లోటు పూడ్చడానికి సముద్రం మీది తేమగాలి నైరుతి నుంచి తోసుకొస్తుంది. రోళ్లు పగిలే ఎండే మృగశిర చినుకును పిలుస్తోందన్నమాట.

చంద్రుడి చుట్టూ కనిపించే వరదగుడి సంగతి ఇంకా బాగుంటుంది. దగ్గర గుడి దూరం వాన, దూరం గుడి దగ్గర వాన అని సామెత. చేయి పూర్తిగా చాచి, వేళ్లు విప్పి, బొటనవేలి కొసను చంద్రుడి మీద పెట్టమనండి. పెద్ద గుడి అయితే దాని అంచు దాదాపు చిటికెనవేలి కొస దగ్గరికి వస్తుంది. అంటే ఒక జాన. ఆకాశంలో అది 22 డిగ్రీలు. చాలా ఎత్తున పలచగా పరుచుకున్న మబ్బులోని మంచు పలుకులు వెన్నెలను వంచితే ఈ వలయం ఏర్పడుతుంది. వాయుగుండాలకు ముందుగా అలాంటి మబ్బు పైన పరుచుకోవడం మామూలే. చంద్రుడికి అంటుకుని రెండు మూడు వేళ్ల వెడల్పున కనిపించే రంగుల వలయం వేరు. అది పలచని మబ్బులోని సన్నటి నీటి తుంపరల వల్ల వస్తుంది, దాని వెనక వాన ఉండాలని లేదు. సామెత కట్టినవాళ్లకు మంచు పలుకుల సంగతి తెలియదు. రెండు వలయాలూ ఒకటి కావని మాత్రం గట్టిగా పట్టుకున్నారు.

అయినా సామెతను కంఠస్థం చేయిస్తే చాలదు, పరీక్షకు పెట్టాలి. కొలత మనకు కొత్త కాదు. మూర వెడల్పు పాత్ర పెట్టి వానను కొలవాలని అర్థశాస్త్రం చెప్పింది. ఏ దేశంలో ఎన్ని ద్రోణాల వాన పడుతుందో కూడా రాసింది. అందులో అశ్మక దేశానిది పదమూడున్నర ద్రోణాలు. ఆ అశ్మకుల రాజధాని పోదనమే నిజామాబాద్ జిల్లాలోని నేటి బోధన్ అని చరిత్రకారులు చెబుతారు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో వాన కొలిచే పాత్ర కొలతలు ఇచ్చాడు.

ఇప్పుడు పిల్లలకు రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా చాలు. పక్కలు నిటారుగా ఉన్నదాన్ని ఎంచుకుని, మెడ కింద కోసి, పైముక్కను తిరగేసి గరాటులా బిగించాలి. అడుగున ఎత్తుపల్లాలు ఉంటాయి కాబట్టి గులకరాళ్లు వేసి అవి మునిగేదాకా నీళ్లు పోసి, ఆ మట్టం దగ్గర సున్నా గీత గీయాలి. అక్కడి నుంచి స్కేలుతో మిల్లీమీటర్లు. చెట్టుకూ గోడకూ దూరంగా, గాలికి పడిపోకుండా నిలపాలి. వాతావరణ శాఖ లాగే రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చూసి, నోటు పుస్తకంలో తేదీ, కార్తె, గాలి ఎటు నుంచి వీస్తోంది, ఎన్ని మిల్లీమీటర్లు అని రాసుకుని, నీటిని మళ్లీ సున్నా గీతకు తేవాలి. కనీసం రెండున్నర మిల్లీమీటర్లు పడితేనే ఆ శాఖ దాన్ని వాన రోజుగా లెక్కిస్తుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. 100 చదరపు మీటర్ల డాబా మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే 2,500 లీటర్లు. ఈ లెక్క సొంతంగా వేసిన పిల్లకు డాబా గొట్టం లోంచి వీధిలోకి పోయే నీరు చూస్తే మనసు చివుక్కుమంటుంది.

రెండేళ్లు రాస్తే కార్తె మాట ఎక్కడ నిలిచిందో, ఎక్కడ తప్పిందో పుస్తకమే చెబుతుంది. తప్పడానికి కారణాలున్నాయి. కార్తెలు నక్షత్రాలను బట్టి, రుతువులు భూమి వంపును బట్టి నడుస్తాయి. ఈ రెండింటికీ సుమారు 72 ఏళ్లకు ఒక రోజు ఎడం వస్తుంది. వరాహమిహిరుడి నాటి నుంచి చూస్తే అది దాదాపు 20 రోజులు. పైగా అందరి వానా ఒకటి కాదు. "ఉత్తర చూసి ఎత్తర గంప" అంటే సెప్టెంబరు రెండో సగానికీ చినుకు లేకపోతే గంప నెత్తినెత్తుకుని ఊరు వదలాల్సిందేనని. తెలంగాణ మెట్ట రైతుకు అది అక్షరాలా నిజం. నెల్లూరు వైపు పెద్ద వానలు వచ్చేది అక్టోబరు నుంచే, చిత్త, స్వాతి, విశాఖ కార్తెల్లో. ఆ జిల్లా పిల్లల పుస్తకం వేరే కథ చెప్పాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే ఊరూరా వాన కొలిచి, బోరుబావుల్లో నీటిమట్టం చూసి, అందరికీ కనపడేలా రాసి, ఉన్న నీటికి తగ్గ పంట ఎంచుకున్న పథకం ఒకటి నడిచింది. పెద్దగా చదువుకోని రైతులు చేసి చూపించిన పని అది. ఆరో తరగతి పిల్లలకు అది కష్టమేమీ కాదు. ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. బడులు తెరిచేది కూడా మృగశిరలోనే. ఆ మొదటి వారంలోనే సీసా కోయించండి, నోటు పుస్తకం తెరిపించండి.